2003 పాలియో పెట్రోల్: ఆగితే సూది పైకి, తాళం తిప్పితే టిక్. ఉంచుకోవాలా, తూకానికి వేయాలా?

ఏపీ24 బండోడు

అన్నలూ నమస్తే. మాది నల్గొండ, రామగిరి. పోయిన దసరాకి 2003 మోడల్ ఫియట్ పాలియో 1.2 పెట్రోల్ కొన్నాను, 48 వేలు. అమ్మినాయన రిటైరైన లెక్కల సారు. బండికి గుడ్డ కప్పి షెడ్డులో పెట్టుకున్నాడు, 71 వేల కిలోమీటర్లే తిరిగింది, బిల్లులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు. అబద్ధమెందుకు, నేను బిల్లులు చూసి కొనలేదు, తలుపు వేసినప్పుడు వచ్చిన ఆ దబ్బుమనే చప్పుడు విని కొన్నా. టీవీలో సచిన్ యాడ్ వచ్చిన రోజుల నుంచి ఈ బండి మీద కన్నుండేది, అప్పుడు జేబులో సైకిల్ ట్యూబుకి కూడా పైసలు లేవు.

ఇక కష్టాలు. మొదటిది వేడి. రోడ్డు మీద పోతుంటే సూది సగం కూడా రాదు. ఎక్కడైనా ఆగితే మాత్రం మెల్లగా లేచి ముప్పావు దాటుతుంది, అప్పుడు ఫ్యాన్ ఒక్కసారిగా విమానం లేచినట్టు మోత పెడుతుంది, సూది దిగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, మళ్లీ అదే కథ. సంక్రాంతి తిరుగు ప్రయాణంలో పంతంగి టోల్ దగ్గర క్యూలో గంటసేపు ఇదే సర్కస్, వెనక సీట్లో మా అమ్మ దండం పెట్టుకుంటూ కూర్చుంది. ఏసీ కూడా బండి నడుస్తుంటే చల్లగానే ఇస్తుంది, ఆగితే ఉడుకు గాలి. మెకానిక్‌కి చూపిస్తే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వు) పోయింది, మన ఎండలకి అసలు అది అక్కర్లేదని పీకేశాడు. అయినా మార్పేమీ లేదు. నీళ్లు తగ్గితే ఇంట్లో బోరు నీళ్లు పోస్తున్నా.

రెండోది స్టార్టింగ్. పొద్దున బాగానే అవుతుంది. ఊర్లో రెండు మూడు పనులు చూసుకుని వచ్చి తాళం తిప్పితే ఒక్క టిక్ శబ్దం, మీటర్‌లో లైట్లన్నీ మసకబారతాయి, ఆ ఫియట్ కోడ్ లైటు (తాళంలో చిప్‌ని బండి గుర్తుపట్టిందో లేదో చెప్పేది) కూడా మిణుకుమిణుకు మంటుంది. పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. కొత్త బ్యాటరీ 4,200, స్టార్టర్ మోటర్ రిపేరు 2,300, తాళంలో చిప్ పోయిందేమో అని ఇంకొకాయన 1,500 తీసుకున్నాడు. ఇప్పటికి మొత్తం 21 వేలు దాటింది. మైలేజీ 9. మా అమ్మ అంటోంది, ఎడ్లకి కూడా ఇంత మేత పెట్టలేదురా అని.

క్లాక్ టవర్ చుట్టుపక్కల ఏ షెడ్డుకి పోయినా “ఫియటా, అటు నీడకి పెట్టండి సార్, రేపు చూద్దాం” అంటారు. ఆ రేపు వారం తర్వాత వస్తుంది. మే నెల ముందుంది, 45 డిగ్రీల ఎండలో ఈ బండితో నాకు టెన్షన్. ఇంకా పెట్టుబడి పెట్టాలా, వదిలించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.


పాలమూరు పాత ఫియట్

తమ్ముడూ, మాది జడ్చర్ల. మా బాపుది 1998 యూనో, నాది పాలియో స్టైల్, కాబట్టి నీ బాధ నాకు కొత్త కాదు. ముందు ఒక్క మాట, నువ్వు రాసిన దాంట్లో రోగం చాలావరకు నువ్వే చెప్పేశావు, ఎవరూ సరిగా వినలేదంతే.

ఈ బండి ఫ్యాన్‌కి రెండు స్పీడ్‌లు ఉంటాయి. ఇంజన్ కాస్త వేడెక్కగానే, లేకపోతే ఏసీ వేయగానే, మొదట మెల్లగా తిరగాలి. అది సరిపోకపోతేనే రెండో స్పీడ్. మెల్లగా తిరిగేటప్పుడు కరెంటు ఒక రెసిస్టర్ గుండా పోతుంది, ఫ్యాన్ చట్రం మీద గాలి తగిలేచోట బిగించి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఒకరోజు లోపల తెగిపోతుంది. అప్పుడు మొదటి స్పీడ్ ఉండదు, సూది ముప్పావు దాటాకే ఫుల్ స్పీడ్ వస్తుంది. నువ్వన్న విమానం అదే. ఏసీ ఆగినప్పుడు ఉడుకు గాలి ఎందుకంటావా, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి గాలి ఆడించేవాడు లేడు కాబట్టి. రెండు కంప్లైంట్లు, దొంగ ఒక్కడే. ఎలా చూసుకోవాలంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడు. కాసేపటికి కూడా ఫ్యాన్ కదలకపోతే రెసిస్టర్, దాని కనెక్టర్, ఫ్యూజు, రిలే, ఈ వరసలో చూపించు.

ఇక ఆ థర్మోస్టాట్ పీకినాయనకి నా తరఫున ఒక నమస్కారం. అక్కర్లేదు అనేది లారీల కాలం నాటి మాట. ఇది ఇంజెక్షన్ బండి, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని సెన్సార్ చెబితే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. హైవే మీద నీ సూది సగం కూడా రావడం లేదన్నావు చూడు, అంటే బండి జ్వరం లేకుండానే మందు తాగుతోంది. నీ మైలేజీలో ఒక భాగం అక్కడే పోయింది. కొత్తది వేయించు, వేసే ముందు ఇంట్లో పాత గిన్నెలో నీళ్లు మరిగిస్తూ దాన్ని ముంచి చూడు, నీళ్లు మరిగేలోపు వాల్వు నోరు తెరవాలి, చల్లారాక మూసుకోవాలి. గిన్నె మళ్లీ వంటకి వాడకు, ఇంట్లో లొల్లి అవుతుంది, నాకు అయింది.

బోరు నీళ్లు మాత్రం ఈరోజు నుంచే ఆపు. నల్గొండ నీళ్లకి మన పళ్లే ఆగలేదు, రేడియేటర్ ఆగుతుందా. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. పోసేటప్పుడు హీటర్‌కి వెళ్లే పైపు దగ్గర గాలి తీసే చిన్న స్క్రూ ఉంటుంది, అది విప్పి బుడగలు ఆగేదాకా పోయాలి. లోపల గాలి నిలిస్తే నిండుగా ఉన్నట్టే కనబడుతుంది, సూది మాత్రం నీ ప్రాణం తీస్తుంది.

స్టార్టింగ్ సంగతి కరెంటు పని తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది, నాకు అనుమానం ఉంది కానీ వాళ్లకే వదిలేస్తా. అవును, ఆ కవర్లో టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఉందా? 71 వేలంటే తక్కువే అనిపిస్తుంది, కానీ రబ్బరుకి వయసు కూడా లెక్కే. ఫియట్ వాళ్లు ‘ఫైర్’ అని పేరు పెట్టిన ఈ ఇంజన్లో బెల్ట్ తెగినా వాల్వులు వంగవని కొందరు ధీమాగా చెబుతారు. వంగకపోయినా అర్ధరాత్రి దేవరకొండ రోడ్డు మీద బండి ఆగడం మాత్రం ఖాయం కదా.


సాగర్ రోడ్

అన్నా, నా సలహా చిన్నది. అమ్మేయ్. నేను ఇలాంటి దాన్నే నాలుగేళ్లు మోశాను. బండి నడిపితే మజా, స్టీరింగ్ బరువు, రోడ్డుకి అతుక్కుని పోవడం, ఒప్పుకుంటా. కానీ నేను దాన్ని నడిపిన రోజుల కన్నా దాని కోసం బస్సెక్కి హైదరాబాద్ పోయిన రోజులే ఎక్కువ. మిర్యాలగూడలో నా చెల్లెలి పెళ్లి రోజు పొద్దున పెట్రోల్ పంపు పోయింది. అందరూ ముహూర్తానికి చేరారు, పెళ్లికూతురి అన్న మాత్రం పూలదండలతో సహా ఆటోలో వచ్చాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఇంట్లో ఉంది. 48 ప్లస్ 21, అంటే 69 వేలు. ఇంకొంచెం వేసుకుంటే ఏ ఊర్లో ఆగినా బాగుచేసే బండి వచ్చేది. ఆ లెక్కల సారు ఎందుకు అమ్మాడో ఒక్కసారి ఆలోచించు.


పాలమూరు పాత ఫియట్

సాగర్ రోడ్ భాయ్, మీ బాధ నిజమే. ఇంట్లో ఇదొక్కటే బండి అయితే నేనూ అమ్మేయమనే చెబుతా. రెండో బండిగా ఉంచుకునేవాళ్ల సంగతి వేరు. తమ్ముడూ, ఇంట్లో ఇంకో బండి ఉందా లేదా చెప్పనే లేదు నువ్వు.


వైరింగ్ కాకా

మిర్యాలగూడలో 30 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని నాది. బ్యాటరీ మార్చారు, స్టార్టర్ విప్పారు, తాళం మీద కూడా పడ్డారు. రెండు చివర్లు మార్చి మధ్యలో తీగని ఎవడూ చూడలేదు.

బాబూ, ఒక జంపర్ కేబుల్ తీసుకో. బండి మొరాయించినప్పుడే ఈ పని చెయ్యి, బాగున్నప్పుడు చేస్తే ఏమీ తెలియదు. న్యూట్రల్లో పెట్టు, హ్యాండ్ బ్రేక్ లాగు. నల్ల కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్ మీద రంగు లేని ఉత్త ఇనుముకి పట్టించు, గేర్‌బాక్స్ బోల్టు అయినా సరే. బెల్ట్‌కి, ఫ్యాన్‌కి దూరంగా పెట్టు. ఇప్పుడు తాళం తిప్పు. గిర్రున తిరిగితే నీ రోగం ఎర్త్ స్ట్రాప్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే పట్టీ. తిరగకపోతే నా దగ్గరికి రా.

మీటర్ ఉంటే ఇంకా మంచిది. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పిన్ను ఇంజన్ ఇనుము మీద పెట్టి ఇంకొకరిని తాళం తిప్పమను. అర వోల్టు దాటి చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పుంది. కరెంటు పోవడం ఒక్కటే కాదు, తిరిగి రావడం కూడా ఉండాలి. స్టార్టర్ లాగేది వందల ఆంపియర్లు, ఆ దారి సన్నబడితే అక్కడే వేడెక్కుతుంది, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. నీ పావుగంట అదే.

కోడ్ లైటు గురించి భయపడకు. తాళంలో చిప్‌ని బండి గుర్తుపట్టకపోతే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. నీది తిరగడమే లేదు. వోల్టేజీ పడిపోతే అన్ని లైట్లూ నాట్యం చేస్తాయి, దాన్ని చూసి 1,500 తీసుకున్నవాడు తెలివైనవాడు.

ఫ్యాన్‌కి రెసిస్టర్ దొరక్కపోతే డాష్‌బోర్డులో స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసుకో, 200లో పని అయిపోతుంది.


పాలమూరు పాత ఫియట్

కాకా, ఎర్త్ సంగతి చాలా బాగా చెప్పారు. స్విచ్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఒకరోజు వేయడం మరిచిపోతాడు, హెడ్ గాస్కెట్ పోతుంది, ఆ ఖర్చు ముందు 200 ఎంత.


వైరింగ్ కాకా

మరిచిపోయేవాడు హెడ్‌లైటు కూడా మరిచిపోతాడు. సరే, రెసిస్టరే వేయించు, నాకేం.


హయత్‌నగర్ నుంచి

స్పేర్ పార్ట్స్ గురించి రెండు ముక్కలు. బస్సెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోతే ఈ బండికి ఇప్పటికీ చాలా దొరుకుతాయి, కానీ ఫోటో చూపించి కొనకు, పాత ముక్క చేతిలో పట్టుకుని పో. అంగట్లో “ఇది టాటా విస్టాది, ఒకటే ఇంజన్ సార్, పడుతుంది” అంటారు. విస్టా పెట్రోల్ కూడా ఫైర్ కుటుంబమే, అది నిజం, కానీ దానిది 1172 సీసీ, నీది 1242. కొన్ని పడతాయి, కొన్ని పడవు, పక్కపక్కన పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. నేను అలా నమ్మి తెచ్చిన ఒక పైపు ఇప్పుడు మా పెరట్లో మొక్కలకి నీళ్లు పెడుతోంది. పాలియో 2001లో మన దగ్గరికి వచ్చింది, ఫియట్ పేరుతో కొత్త కార్లు రావడం 2019లో ఆగిపోయింది. అంటే ఉన్న సరుకు ఉన్నదే. దొరికినప్పుడు రెండు కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నా మంచం కింద రెండు క్లచ్ కేబుళ్లు ఉన్నాయి, నవ్వకండి.

ఇంకోటి, ఆర్‌సీ తేదీ చూసుకున్నావా? 2003 బండి అంటే 15 ఏళ్లు 2018లో నిండాయి, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్, అంటే నీకు 2028 దాకా ఉండాలి. 15 ఏళ్లు దాటిన కార్లకి 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5 వేలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఢిల్లీలోలాగా పెట్రోల్ బండికి 15 ఏళ్లంటే ఇంటికి పంపే గొడవ మన దగ్గర లేదు కానీ, 48 వేల బండికి 10 వేల ఫీజు అనేది లెక్కలో పెట్టుకోవాల్సిందే.

ఊరికే సరదాకి ఒకటి. పాలియో అంటే ఇటలీలో సియెనా అనే ఊర్లో జరిగే గుర్రప్పందెం. సియెనా పేరుతో కూడా కారు తెచ్చారు. గుర్రం పేరు పెట్టి తలుపులు మాత్రం బీరువావి బిగించారు.


ఏపీ24 బండోడు

అందరికీ పేరుపేరునా దండాలు. పది రోజులు ఆలస్యమైంది, మధ్యలో పొలం పని. ఇంట్లో బైకు ఉంది, కాబట్టి పాలియో ఆగినా పని ఆగదు, అమ్మ తిట్లు మాత్రం ఆగవు.

ముందు కాకా చెప్పిన పరీక్ష. రెండు రోజులు బండి మొరాయించనే లేదు, మనం కనిపెడుతున్నామని దానికి తెలిసినట్టుంది. మూడో రోజు కూరగాయల మార్కెట్ ముందు టిక్ అంది. పక్క ఆటో ఆయన దగ్గర కేబుల్ తీసుకుని మైనస్ నుంచి గేర్‌బాక్స్ బోల్టుకి పట్టించి తాళం తిప్పా. గిర్రున తిరిగింది కాకా! ఆటో ఆయన నాకు చేయి కలిపాడు. ఇంటికొచ్చి బ్యాటరీ ట్రే విప్పి చూస్తే ఆ ఎర్త్ స్ట్రాప్, జడలాగా అల్లిన రాగి పట్టీ, పైకి నల్లగా మామూలుగానే కనబడింది. వంచితే పచ్చటి పొడి రాలింది, ఇంకొంచెం వంచితే కాలిన కొబ్బరి తాడు విరిగినట్టు సగం పోగులు చేతిలోకి వచ్చాయి. మిగిలిన సగం మీదే ఇన్నాళ్లు బండి నడిచింది. కొత్తది 180 రూపాయలు. బోల్టు కింద గీకురాయితో ఇనుము మెరిసేదాకా గీకి బిగించా. అప్పటి నుంచి ఒక్కసారి కూడా టిక్ అనలేదు. 8 వేల రోగం కాదు, 180 రోగం. ఆ 8 వేలు తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు, అది వేరే సంగతి.

ఫ్యాన్ కూడా పాలమూరు అన్న చెప్పినట్టే. ఏసీ వేస్తే కదల్లేదు. రెసిస్టర్ విప్పి మీటర్ పెడితే చలనమే లేదు. రాణిగంజ్ పోయి పాత ముక్క చూపించి తెచ్చా, 650. ఇప్పుడు ఏసీ వేయగానే మెల్లగా గుయ్యిమని తిరుగుతోంది, ఆ శబ్దం వింటుంటే పంట మీద వాన పడ్డట్టుంది. థర్మోస్టాట్ వేయించడానికి ఆ మూత విప్పితే లోపలంతా తెల్లటి పెచ్చు, టీ గిన్నె అడుగున పడుతుందే అలాగ, గోటితో గీకితే రేకులు రేకులుగా లేచింది. ఫ్లోరైడ్ అని మా మెకానిక్ కుర్రాడు ఫోటోలు తీసుకున్నాడు. అది ఫ్లోరైడ్ కాదురా, నీళ్లలో సున్నం అని చెప్పా, నమ్మలేదు. మూడుసార్లు ఫ్లష్ చేసి కూలెంట్ పోశాం. గాలి తీసే స్క్రూ మాత్రం పాత ప్లాస్టిక్, తిప్పగానే తల ఊడి చేతికొచ్చింది, దాంతో ఆ పైపు కూడా మార్చాల్సి వచ్చింది, ఇంకో 400.

టైమింగ్ బెల్ట్ బిల్లు వెతికా. 2011ది. బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కలిపి వేయించేశా. తీసిన బెల్ట్ తిరగేసి చూస్తే లోపలి వైపంతా ఎండిన చెరువు నేలలా పగుళ్లు. సాగర్ రోడ్ అన్నా, సారు ఎందుకు అమ్మాడో అడిగా. కళ్లు సరిగా ఆనడం లేదట, అంతే. బండి ఎలా ఉందని రెండుసార్లు ఫోన్ చేశాడు.

నిన్న సాగర్ దాకా పోయి వచ్చాం, మిట్ట మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, అమ్మ కూడా వచ్చింది. సూది సగం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది, డ్యాం దగ్గర ఇరవై నిమిషాలు ఆగినా కదల్లేదు. మైలేజీ 12 దాకా వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, అంటే బాగుందని.

తిరిగి వచ్చేటప్పుడు టోల్ దగ్గర టికెట్ తీసుకుందామని డ్రైవర్ వైపు అద్దం దించా. దిగింది. లోపల ఏదో టక్కుమంది, అద్దం తలుపు లోపలికి జారి పడిపోయింది, ఇప్పుడు స్విచ్ నొక్కితే మోటర్ మాత్రం తిరుగుతోంది. అక్కడి నుంచి ఇంటిదాకా ఏసీ వేసుకుని కిటికీ తెరిచి వచ్చాం. పాలియో విండో రెగ్యులేటర్, కుడి వైపు ముందుది, ఎవరి దగ్గరైనా ఉందా?


వైరింగ్ కాకా

నా దగ్గర ఉంది. ఎడమది.


హయత్‌నగర్ నుంచి

మంచం కింద చూసి చెప్తా, ఆగు.